బానెట్ కింద అందం: ఏది చేయించాలి, ఏది వదిలేయాలి

కొత్త కారు బానెట్ ఎత్తి చూసుకోవడం మొదటి ఏడాది సరదాగానే ఉంటుంది. రెండో వానాకాలం దాటేసరికి అక్కడ ఎర్రమట్టి చారలు, వైపర్ల కింద ఇరుక్కున్న కానుగ ఆకులు, బ్యాటరీ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి, నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ కవర్ మీద బూడిద రంగు పొర కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఇది మరీ తొందరగా జరుగుతుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు రోజూ తిరిగే కార్లలో అయితే సిమెంటు, రాతిపొడి కలిసిన సన్నని దుమ్ము రేడియేటర్ దగ్గర నుంచి వెనక గోడ దాకా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది ఊదితే పోయే దుమ్మే. కాస్త ఆయిల్ తడి తగిలిందంటే మాత్రం గోరుతో గీకినా రాని మకిలిగా మారుతుంది.

దీన్ని బాగుచేయించుకుందామని బయల్దేరితే తలా ఒక మాట చెబుతారు. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్‌తో కొట్టించేయమంటారు. డీటెయిలింగ్ స్టూడియోవాళ్లు స్టీమ్ అంటారు. యాక్సెసరీస్ షాపులో ఎర్ర హోస్ పైపులు, క్రోమ్ మూతలు చూపిస్తారు. స్నేహితుడెవరో వాల్వ్ కవర్‌కి, అంటే ఇంజిన్ పైమూతకి, పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడిలో ఉడికించే పని) చేయించి ఫొటో పంపిస్తాడు. వీటిలో ఏది మన కారుకు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది ప్రమాదం అని తేల్చుకోవడానికి నేను వాడే కొలబద్ద ఒక్కటే: ఆ పని చేయించిన నెల తర్వాత ఎక్కడైనా ఆయిల్ చెమర్చినా, కూలెంట్ కారినా, వైరును ఎలుక కొరికినా బానెట్ ఎత్తగానే నా కంటపడుతుందా? పడుతుందంటే ఆ దారి మంచిది. లోపాన్ని కప్పేసే మెరుపు ఎంత ఖరీదైనదైనా నాకు అక్కర్లేదు. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్కతోనే.

ముందు మీ కారు ఏ రకమో చూడండి

హైబ్రిడ్ గానీ, ఎలక్ట్రిక్ గానీ అయితే ఎంపిక చాలా తేలిక. గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్‌ల హైబ్రిడ్ మోడళ్లలో, ఎలక్ట్రిక్ కార్లలో బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. అవి హై వోల్టేజి కేబుళ్లు. అక్కడ బ్లోయర్, మెత్తని బ్రష్, గట్టిగా పిండిన గుడ్డ మాత్రమే. అది కూడా కేబుళ్లు, వాటి కనెక్టర్ల జోలికి పోకుండా. ప్రెషర్ గన్, స్టీమ్ అనే మాటే వద్దు. సీఎన్జీ కిట్ ఉన్న కారైతే గ్యాస్ రెగ్యులేటర్‌నీ, దానికొచ్చే సన్నని స్టీలు పైపునీ కదపకూడదు, వాటి మీద బ్రష్ పెట్టి రుద్దకూడదు.

పాత మారుతి 800, పద్మిని, అంబాసిడర్ లాంటి కార్లున్నవాళ్లు తమవాటిలో ఎలక్ట్రానిక్స్ లేవు కదా, ఎలా కడిగినా ఏమీ కాదు అనుకుంటారు. నిజానికి స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలోకి నాలుగు చుక్కలు నీళ్లు పోయినా ఆ బండ్లు స్టార్ట్ కావు. దానికీ, పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బురేటర్ నోటికీ పాలిథిన్ కవర్ కట్టాకే తడి పని మొదలుపెట్టాలి.

ఇంకో పని. గుడ్డ ముట్టుకునే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. మరకలు చాలా విషయాలు చెబుతాయి. హోస్ చివర గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో ఎండిపోయిన పొడి ఉంటే అక్కడ కూలెంట్ కారుతోందని అర్థం. వాల్వ్ కవర్ అంచు వెంట తడిగా, నల్లగా ఉంటే గాస్కెట్ (ఆయిల్ కారకుండా అంచు కింద వేసే రబ్బరు సీలు) పోయింది. బ్రేక్ ఆయిల్ డబ్బా కింద బాడీ రంగు ఉబ్బి లేచిందంటే బ్రేక్ ఫ్లూయిడ్ ఒలికింది, అది రంగును తినేస్తుంది. ముందు ఆ రిపేరు చేయించి తర్వాత శుభ్రం చేయించుకోండి. అటుదిటు చేస్తే లీకు ఎక్కడుందో వెతకడానికి మెకానిక్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పొడి గుడ్డా, చేత్తో తడి పనా, స్టీమా, ప్రెషరా

మూడేళ్ల లోపు కారుకు పొడి పని చాలు. ఇంట్లో వాడే చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో మూలమూలలా ఊది, పెయింట్ బ్రష్ లాంటి మెత్తని కుచ్చు బ్రష్‌తో కవర్ల మీదా, పైపుల మీదా దుమ్ము రేపి, చివర్లో తడిపి బాగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే అయిపోతుంది. ముక్కుకు మాస్క్ కట్టుకోండి, ఆ దుమ్ములో రాతిపొడి ఉంటుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇలా చేసేవాళ్లకు కింద చెప్పే మిగతా పనులతో అవసరం చాలా ఏళ్లపాటు రాదు. ఖర్చు లేదు, రిస్క్ లేదు. అందుకే ఎవరూ దీన్ని గట్టిగా చెప్పరు.

జిడ్డు పట్టిన కారుకు నా మొదటి సలహా చేత్తో చేసే తడి పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు, ఎందుకంటే వేడి మీద కెమికల్ ఆరిపోయి అల్యూమినియం మీద తెల్లటి మచ్చలు వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎండెక్కకముందే మొదలుపెట్టండి, పదింటికల్లా బానెట్ రేకే కాలిపోతుంటుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా), ఎయిర్ ఫిల్టర్ లోపలికి గాలి పీల్చే నోరు, ఈ నాలుగింటికీ పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఆల్ పర్పస్ క్లీనర్ ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి, ఆ మిశ్రమాన్ని ఇంజిన్ మీద కాకుండా బ్రష్ మీద స్ప్రే చేసుకుని రుద్దుతూ పోవాలి. జిడ్డు మరీ ముదిరిన చోట నాలుగు పాళ్ల నీళ్లకు తగ్గించవచ్చు. ఒక అడుగు మేర రుద్దడం, వెంటనే తడిగుడ్డతో తుడిచేయడం, తర్వాత పక్క భాగానికి పోవడం. అంతా ఒకేసారి నురగ చేసి వదిలేస్తే సగం ఆరిపోతుంది.

షాపులో డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే కెమికల్, కొనేటప్పుడు ఒక్క మాట అడగండి, అల్యూమినియానికి పడుతుందా అని. లారీ ఇంజిన్లకు వాడే ఘాటైన కాస్టిక్ రకం తెచ్చి చిన్న కారు ఇంజిన్ మీద కొడితే మెరవాల్సిన అల్యూమినియం సున్నం పూసినట్టు పాలిపోతుంది. ఆ మచ్చ తర్వాత ఏ పాలిష్‌కీ సులువుగా పోదు. కొళాయిలు తళతళలాడించే యాసిడ్ సీసాలు కూడా ఈ దరిదాపులకు రానివ్వకండి.

స్టీమ్ క్లీనింగ్ దీనికంటే ఖర్చు ఎక్కువ, శ్రమ తక్కువ. నీళ్లు తక్కువ పడతాయి, ఆవిరి వేడికి జిడ్డు కరిగి జారిపోతుంది, చెయ్యి దూరని సందుల్లోకి వెళ్తుంది. తెలిసినవాడి చేతిలో ఇది చాలా మంచి పని. తెలియనివాడైతే గన్‌ను ఒకే చోట ఆపి పట్టుకుంటాడు. అప్పుడు కనెక్టర్ల లోపలికి తేమ చేరుతుంది, స్టిక్కర్ల జిగురు వదులుతుంది. బానెట్ కింద ఉండే స్టిక్కర్లు అలంకారం కాదు. ఏసీలో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు పట్టాలో వాటిలో ఒకదాని మీదే రాసి ఉంటుంది. అది ఊడిపోతే రేపు ఏసీ మెకానిక్ అంచనాతో గ్యాస్ నింపుతాడు. అందుకే స్టీమ్‌కి ఇచ్చేటప్పుడు 'అన్నా, స్టిక్కర్ల మీద కొట్టకు, కాయిల్ కనెక్టర్ల మీద గన్ ఆపకు' అని ముందే చెప్పి, పక్కనే నిలబడి చూడండి. ఆ మాటకు విసుక్కునేవాడికి బండి ఇవ్వకండి.

ఇక రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్. చక్రాల మట్టిని వదిలించడానికి పెట్టిన ప్రెషర్ అది, ఇంజిన్‌కి పనికిరాదు. పెట్రోల్ కార్లలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. స్పార్క్ ప్లగ్గులు ఇంజిన్ తల లోపల లోతైన గుంటల్లో ఉంటాయి. ఒక్కో గుంట మీద ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ కూర్చుని ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు మూతి. కొత్తప్పుడు ఆ రబ్బరు బిగుతుగా ఉంటుంది. ఏడెనిమిదేళ్ల వేడికి గట్టిపడి చిన్న సందు ఇస్తుంది. పైనుంచి ప్రెషర్‌తో కొట్టిన నీళ్లు ఆ సందులోంచి దిగి గుంటలో నిలుస్తాయి, బయటికి పోయే దారి లేదు. సర్వీసింగ్ నుంచి బయటికి వచ్చిన కాసేపటికి సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణకడం, పికప్ పడిపోవడం, మీటర్లో ఇంజిన్ లైటు మెరవడం మొదలవుతాయి. అలా జరిగితే కారును అలాగే తోలుకుంటూ పోకండి, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది వేలల్లో ఖర్చు. పక్కకు ఆపి, మెకానిక్‌ను పిలిచి కాయిళ్లు పైకి తీయించి, గుంటల్లోకి ఎయిర్ కొట్టించి ఆరబెట్టిస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ప్రెషర్ కొట్టించక తప్పదనుకుంటే గన్ దూరంగా పెట్టించి, నీళ్లు చల్లినట్టుగా మాత్రమే కొట్టించండి. బాగా వేడి మీదున్న ఇంజిన్ మీద చల్లనీళ్లు అసలు పడనివ్వకండి.

డీజిల్ కొట్టడం గురించి కూడా చెప్పాలి, ఇప్పటికీ అడుగుతుంటారు కాబట్టి. కింద చాసిస్‌కీ, పైన ఇంజిన్‌కీ డీజిల్ స్ప్రే చేస్తే ఆ పూట నల్లగా నిగనిగలాడుతుంది. ఆ తడి మీద మన ఊరి దుమ్ము వారంలో మందంగా అతుక్కుంటుంది. రబ్బరు హోసులు, బుష్‌లు డీజిల్ పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. దసరాకు ముందు రోజు ఇలా కొట్టించుకుని, ఆయుధపూజ నాడు బానెట్ ఎత్తి కర్పూర హారతి ఇచ్చే ఇళ్లున్నాయి. వద్దు. పూజ కోసం బండి శుభ్రం చేయించాలనుకుంటే వారం ముందే, షాపులు ఖాళీగా ఉన్నప్పుడే చేయించండి. పండగ ముందు రోజు లైనులో పదో కారుగా నిలబడితే ఎవరూ కవర్లు కట్టి ఓపిగ్గా పని చేయరు.

చివరి గుడ్డకు ఏ నీళ్లు

హైదరాబాద్‌లో ఈ మాట విడిగా చెప్పుకోవాల్సిందే. చాలా కాలనీల్లో, అపార్టుమెంట్లలో కార్లు కడిగేది బోరు నీళ్లతో. వాటిలో ఉప్పులు ఎక్కువ. ఆరాక నల్ల ప్లాస్టిక్ మీద, అల్యూమినియం మీద తెల్లటి గుండ్రటి చుక్కలు మిగులుతాయి. ఇంత కష్టపడి చేసిన పని సాయంత్రానికి మళ్లీ పాతగా కనిపించేది ఈ చుక్కల వల్లే. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లను బకెట్లో పట్టి కారుకు వాడేవాళ్లు కూడా ఉన్నారు. మొక్కలకో, ఇల్లు తుడవడానికో సరే గానీ, ఆ నీళ్లలో ఉప్పులు మామూలుకంటే చిక్కగా ఉంటాయి, చుక్కలు ఇంకా ఎక్కువ పడతాయి. చివరి తుడుపుకు ఆర్వో మంచినీళ్లు ఒక చెంబెడు చాలు. ఎండాకాలంలో స్ప్లిట్ ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్లో పడతాయి కదా, ఆ నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు. దుమ్ము లేకుండా గుడ్డలో వడగట్టుకుంటే తుడుపుకు అంతకంటే మంచి నీళ్లు ఇంట్లో లేవు. బ్యాటరీలో పోయడానికి మాత్రం వాడకండి, దానికి డిస్టిల్డ్ వాటరే.

తుడవడం అయ్యాక కవర్లు తీసి, సందుల్లో నిలిచిన నీళ్లను బ్లోయర్‌తో ఊదేసి, కనెక్టర్లు ఆరనిచ్చాకే బ్యాటరీ బిగించండి. తర్వాత బానెట్ తెరిచే ఉంచి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి.

నిగనిగా, మ్యాటా

శుభ్రమైన ప్లాస్టిక్‌కీ, రబ్బరుకీ పైన పూసే దాన్ని డ్రెస్సింగ్ అంటారు. రెండు రకాలు. ఒకటి సిలికాన్ నూనె కలిసిన, సాల్వెంట్ ఘాటు ఉండే నిగనిగ రకం. చవక, ఫొటోలో అదిరిపోతుంది. రెండోది నీళ్ల ఆధారంగా చేసిన రకం. పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక కొత్త కారు ప్లాస్టిక్‌లా మ్యాట్‌గా కనిపిస్తుంది. 303 ఏరోస్పేస్ ప్రొటెక్టెంట్ లాంటివి ఈ రెండో కోవలోవి.

నేను ప్రతిసారీ రెండోదే చెబుతాను. నిగనిగ రకం ఎప్పటికీ పూర్తిగా ఆరదు, చేతికి జిగటగా తగులుతూనే ఉంటుంది. కోకాపేట దుమ్ముకు అలాంటి జిగట దొరికితే ఇంకేం కావాలి. పైగా మొదట చెప్పిన కొలబద్ద దగ్గర అది పూర్తిగా ఓడిపోతుంది. ఇంజిన్ అంతా తడి మెరుపుతో ఉన్నప్పుడు గాస్కెట్ అంచున కొత్తగా చెమర్చిన ఆయిల్ ఏదో, డ్రెస్సింగ్ ఏదో ఎలా తెలుస్తుంది? మ్యాట్‌గా ఉన్న ఉపరితలం మీద ఒక్క ఆయిల్ చుక్క పడినా నల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఏ రకమైనా స్పాంజి మీద వేసుకుని పూయండి, నేరుగా స్ప్రే చేయకండి. బెల్టు, పుల్లీల మీద పడితే బెల్టు జారి కీచుమంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టం) మీద పడితే పొగ వస్తుంది. డబ్ల్యూడీ 40, కొబ్బరినూనె, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసి మెరిపించే అలవాటున్నవాళ్లు దయచేసి మానుకోండి. ఇవన్నీ దుమ్మును పట్టే నూనె పొరలే.

అసలు మార్పు చిన్న సామాన్లలో ఉంది

పెద్ద డబ్బు పెట్టే ముందు చిన్న సామాన్లు మార్చి చూడమని అందరికీ చెబుతుంటాను, ఎందుకంటే బానెట్ కింద మన కంటికి 'పాతబడింది' అనిపించేది ఇంజిన్ వల్ల కాదు. ఊడిపోయిన క్లిప్పులు, వేలాడే వైరు, తుప్పు పట్టిన క్లాంపు, చిరిగిన బానెట్ లైనింగ్. వీటిని చూసి మొత్తం కారే శిథిలమైందనుకుంటాం.

క్లిప్పులతో మొదలుపెట్టండి. రేడియేటర్ మీది నల్ల కవర్‌ని, వైపర్ల కింది జాలీని పట్టి ఉంచే ప్లాస్టిక్ పుష్ క్లిప్పులు సర్వీసింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఒకటో రెండో మాయమవుతాయి. రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో మోడల్ చెబితే ఇస్తారు, పాత క్లిప్పు ఒకటి జేబులో వేసుకెళితే సైజు తప్పదు. అన్ని క్లిప్పులూ నిండిన కవర్ చప్పుడు చేయదు, అంచులు సమంగా కూర్చుంటాయి. వైపర్ జాలీ తీసినప్పుడే దాని కింద చేరిన కానుగ, వేపాకుల్ని కూడా ఎత్తేయండి. అక్కడ నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతే జూలైలో వాననీళ్లు కారు లోపలికి, కాళ్ల కింద మ్యాటులోకి వస్తాయి.

తర్వాత వైర్లు. ఇక్కడ టేపు ఎంపికే అంతా. ఎలక్ట్రీషియన్లు చేతిలో ఉన్న మామూలు పీవీసీ నల్ల టేపు చుట్టేస్తారు. మన ఎండకు, ఇంజిన్ వేడికి ఆ జిగురు కరిగి బయటికి వస్తుంది, ఏడాదిలో టేపు అంచులు లేచి జీడిపాకంలా వేలికి అంటుకుంటాయి. కంపెనీ వైరింగ్ చూస్తే దాని మీద బట్టలాంటి గరుకు టేపు ఉంటుంది. 'హార్నెస్ టేప్, బట్ట టేప్' అని అడిగితే ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో ఇస్తారు. వైర్ల మీద పొడవునా చీలిక ఉన్న ముడతల నల్ల గొట్టం తొడిగి, రెండు చివర్లా బట్ట టేపు చుట్టి, ట్యాగుతో పాత దారిలోనే కట్టించండి. మెరుపు ఏమీ ఉండదు. కానీ పదేళ్ల కారు కూడా ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చినట్టు కనబడేది ఈ పనితోనే. సెల్లార్ పార్కింగ్‌లో ఎలుక కొరికినా గొట్టం మీద పంటి గాటు వెంటనే కనబడుతుంది.

బ్యాటరీ మీది తెల్లటి, పచ్చటి పొడికి వంటసోడా చాలు. నెగటివ్ ముందు విప్పి, తర్వాత పాజిటివ్. సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని నురగ వచ్చి పోతుంది. బ్యాటరీ మూతల్లోకి ఆ నీళ్లు పోకుండా చూసుకోండి. తుడిచి, ఆరాక బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖరున. పైన పల్చగా వ్యాజిలిన్.

బానెట్ లోపలి వైపు ఉండే మందపాటి లైనింగ్ చిరిగినా, ఆయిల్ పీల్చి నల్లబడినా కంపెనీదే కొత్తది వేయించండి. దాని బదులు ఇంటి పైకప్పుకు వాడే వెండిరంగు ఫోమ్ షీటు కోసి అతికిస్తుంటారు. మంటకు ఆగేదో కాదో తెలియని ఫోమ్‌ను ఇంజిన్ నెత్తిన పెట్టడం చవకలో అయ్యే పని కాదు.

రంగు వేయించాలంటే

రంగు దాకా వెళ్లేవాళ్లకు మూడు చోట్లు ఉంటాయి. బాడీ రంగున్న భాగాలు, వాల్వ్ కవర్, సైలెన్సర్ మానిఫోల్డ్.

బాడీ రంగు భాగాల్లో గీతలు, తుప్పు ఉంటే నిస్సంకోచంగా చేయించండి. హైదరాబాద్ కార్లలో తుప్పు తక్కువే. విశాఖ, కాకినాడ వైపు సముద్రగాలిలో తిరిగి వచ్చిన సెకండ్ హ్యాండ్ కారైతే సస్పెన్షన్ బోల్టుల చుట్టూ, బ్యాటరీ ట్రే కింద బాగా చూడండి. తుప్పు గీకించి, ప్రైమర్ వేయించి, కంపెనీ కలర్ కోడ్‌తోనే రంగు కలిపించండి.

మానిఫోల్డ్‌ను వదిలేయండి. పోత ఇనుము గోధుమ రంగు తుప్పు పట్టడం దాని సహజం, దానివల్ల నష్టం లేదు. మామూలు స్ప్రే డబ్బా కొడితే మొదటి డ్రైవ్‌లోనే కాలి కంపు కొడుతుంది.

వాల్వ్ కవర్ విషయంలో రెండు ఎంపికలు: ఇంజిన్ వేడికి ఆగే ఎనామెల్ స్ప్రే, పౌడర్ కోటింగ్. ముందు అది ప్లాస్టిక్‌దో లోహానిదో చూసుకోండి. ఇప్పటి చాలా కార్లలో ప్లాస్టిక్‌దే. పౌడర్ కోటింగ్ దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఉడికించే పని కాబట్టి ప్లాస్టిక్‌కి కుదరదు. అల్యూమినియం కవర్ అయితే బాలానగర్, జీడిమెట్ల వైపు పౌడర్ కోటింగ్ యూనిట్లు చేసిపెడతాయి. ఎనామెల్ స్ప్రేతో పోలిస్తే ఫినిషింగ్ గట్టిగా ఉంటుంది, ఆయిల్ ఒలికినా మరక పట్టదు, తుడిస్తే పోతుంది.

అయితే ఇందులో ఒక పెద్ద ప్రమాదం ఉంది, చాలామందికి ఎవరూ చెప్పరు. కోటింగ్‌కి ముందు పాత మకిలి పోవడానికి కవర్‌ను శాండ్ బ్లాస్టింగ్ చేస్తారు. కవర్ లోపలి వైపు ఆయిల్ ఆవిరిని వడకట్టడానికి రేకుతో మూసిన చిన్న అరలుంటాయి. బ్లాస్టింగ్ ఇసుక ఆ అరల్లోకి దూరితే ఎంత ఊదినా కొంత మిగులుతుంది. బిగించాక ఆ గరుకు ఆయిల్‌లో కలిసి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కీ, బేరింగులకూ చేరుతుంది. అందం కోసం పోయి ఇంజిన్ దింపించుకోవడమంటే ఇదే. లోపలి అరలు విప్పి మళ్లీ బిగించే వీలుంటేనే, లేదా ఇసుక కాకుండా కెమికల్‌తో పాత రంగు తీస్తానంటేనే ఒప్పుకోండి. గాస్కెట్ కూర్చునే అంచు మీద కోటింగ్ పడకూడదు, బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ తప్పనిసరి. రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు ఇదంతా అవసరమా అంటే, లేదనే నా అభిప్రాయం. ఇష్టంగా దాచుకున్న పాత కారుకు, నమ్మకమైన మెకానిక్ ఉంటే, చేయించుకోదగ్గ పని.

రంగు పైపులు, స్టిక్కర్లు, లైట్లు

వీటి గురించి త్వరగా చెప్పేస్తాను. ఎర్ర, నీలి సిలికాన్ హోసులు కూలెంట్ దారిలో మంచి రకంవైతే పనిచేస్తాయి. పెట్రోల్ పైపుగా గానీ, ఆయిల్ పైపుగా గానీ మామూలు సిలికాన్ హోస్ వేయకూడదు, పెట్రోల్ దాని గుండా చెమరుస్తుంది, ఆయిల్‌కి పాడవుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చెమ్మ అంటే మంటే. ఇంజిన్ కవర్ మీద కార్బన్ ఫైబర్ లుక్ స్టిక్కర్ ఎండాకాలం వేడికి అంచుల దగ్గర లేస్తుంది. బానెట్ కింద ఎల్ఈడీ పట్టీలు వేయించాలంటే ఎక్కడో ఒక వైరు కోయాలి. వారంటీలో ఉన్న కారుకు అలా కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ గురించి షోరూంతో గొడవ పడాల్సి వస్తుంది, ఫ్యూజ్ లేకుండా కలిపితే షార్ట్ సర్క్యూట్ భయం. ఈ మూడూ నా లెక్కలో దండగే.

నంబరు మీద చెయ్యి పడకుండా

చాలా కార్లలో చాసిస్ నంబరు ఇంజిన్ వెనక గోడ మీద రేకులోనే కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు బ్లాక్ మీద ఉంటుంది. రంగు వేసేవాడు అక్కడ మందంగా పుట్టీ పెట్టి గీకినా, గ్రైండర్ పెట్టినా తర్వాత ఆర్టీఏ దగ్గర కష్టాలు మొదలవుతాయి. వేరే రాష్ట్రానికి మారుతూ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకునేటప్పుడు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ నంబరు ముద్ర తీయాలి. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి చూపించేటప్పుడూ ఆ నంబరు చూస్తారు. రంగు పనికి ఇచ్చే ముందు ఆ రెండు చోట్లా మాస్కింగ్ టేపు మీరే అతికించండి.

కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. బానెట్ కింది భాగాన్ని శుభ్రం చేసి, క్లిప్పులు మార్చుకోవడానికి దానితో సంబంధం లేదు. ఇంజిన్‌నే మార్చేసే ఆలోచన ఉంటే మాత్రం ఆర్టీఏ అనుమతి లేకుండా మొదలుపెట్టకండి.

ఎవరికి ఏది

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుకు తిరిగే, వారంటీలో ఉన్న కారు అయితే బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డ, పోయిన క్లిప్పులు. అంతకంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఏడెనిమిదేళ్ల స్విఫ్టో, ఐ20నో ఉండి, ఇంకో నాలుగేళ్లు వాడుకుందామనుకుంటే చేత్తో తడి పని ఒకసారి పూర్తిగా చేసుకోండి. ఓపిక లేకపోతే పక్కన నిలబడి స్టీమ్. దాని వెంటే బట్ట టేపు, ముడతల గొట్టం, బ్యాటరీ శుభ్రం, మ్యాట్ డ్రెస్సింగ్. మొత్తం ఖర్చు ఒక మంచి డీటెయిలింగ్ ప్యాకేజీ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. ఇది నేను అందరికంటే గట్టిగా చెప్పే ఎంపిక.

పాత కారును ప్రేమగా నిలబెట్టుకునేవాళ్లు పై పనులన్నీ అయ్యాక, ఇంకా డబ్బుంటే, బాడీ రంగు భాగాలు, ఆ తర్వాత వాల్వ్ కవర్. ఆ వరస మార్చకండి.

అమ్మకానికి పెట్టేవాళ్లు మాత్రం శుభ్రం చేసి, డ్రెస్సింగ్ లేకుండా అలాగే చూపించండి. తడి మెరుపుతో ఉన్న ఇంజిన్‌ను చూడగానే అనుభవమున్న కొనుగోలుదారు 'లీకు ఏదో కప్పారు' అని అనుమానపడి ధర తగ్గిస్తాడు. కడిగింది కూడా ముందు రోజు కాకుండా పది రోజుల ముందు అయితే, ఆ పది రోజుల్లో ఎక్కడా ఆయిల్ చెమర్చలేదని అతనే వేలు పెట్టి చూసుకుంటాడు. పాత ఫొటోలు, లీకు రిపేరు బిల్లు ఉంటే అవీ చూపించండి. మీరు కొనేవైపు ఉంటే ఇదే తిప్పి చేయండి: ఇంజిన్ మరీ నిగనిగలాడుతుంటే గాస్కెట్ అంచులు, డబ్బాల కింద భాగం తెల్ల టిష్యూ పేపర్‌తో తుడిచి, అరగంట నడిపించి, మళ్లీ అదే చోట తుడిచి చూడండి.